నాలుగో నంబరు చార్జరు సస్పెన్షను

చింతలమెట్ట బస్సు డిపోలో పసుపులేటి భానోజీ అని ఒక అసిస్టెంటు ఇంజినీరు ఉండేవాడు. మనిషి బహు నెమ్మది. ఎవరైనా కోపంగా వస్తే ముందు కుర్చీ చూపించేవాడు, తర్వాత మంచినీళ్లు ఇచ్చేవాడు, ఆ పైన విషయం అడిగేవాడు. సగం గొడవలు మంచినీళ్ల దగ్గరే తీరిపోయేవి. డిపోలో కరెంటుతో నడిచేవన్నీ అతని బాధ్యతే. షెడ్డులో ఫ్యాన్లు, నీళ్ల మోటారు, మైకు సెట్టు, వీటితో పాటు కొత్తగా వచ్చిన కరెంటు బస్సుల చార్జర్లూ.

ఆ బస్సులొచ్చిన రోజు ఊరంతా చూడ్డానికొచ్చింది. గుమ్మడికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారు, పొగ రాని యుగం మొదలైందని నాయకులు చెప్పారు. కొండ మీద గుమ్మలగెడ్డ నుంచి ఆకుకూరలు దించుకొచ్చి సంతలో అమ్ముకునే పైడమ్మకి మాత్రం బస్సు నచ్చలేదు. "మోతలేకపోతే బస్సొచ్చినాదని ఎలాగ తెలుస్తాది బాబూ?" అంది డ్రైవరు సింహాచలంతో. సింహాచలం ఆమె కోసం మలుపు మలుపుకీ హారను కొట్టడం అలవాటు చేసుకున్నాడు.

డిపోలో ఆరు చార్జర్లు పెట్టారు. ఒక్కోటీ ఇనప బీరువా అంత ఉంటుంది. లోపల ఏం జరుగుతుందో సింహాచలం ఒకసారి అడిగాడు.

"మీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో ధాన్యం దంచడం చూశావా?" అన్నాడు భానోజీ.

"ఎందుకు చూడను? మా యమ్మా మా పిన్నీ దంచేవోరు."

"ఒకరి రోకలి దిగేటప్పుడు ఇంకొకరి రోకలి లేస్తుంది. పని ఆగదు, ఎవరి చేతుల మీదా బరువంతా పడదు, రోలూ అదరదు. ఇందులోనూ కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఎడమ పాయ లాగి వదిలేసరికి కుడి పాయ లాగుతుంది. ఈ రెంటినీ కనిపెట్టుకుని ఒక చిన్న చిప్పు ఉంటుంది. దాన్ని కంట్రోలరంటారు. ఎప్పుడైనా కరెంటు మోతాదు మించితే అది రెండు పాయల్నీ ఆపేసి, ఒక్క ఊపిరి పీల్చుకుని, మళ్లీ మెల్లగా మొదలుపెడుతుంది."

"అంటే మనం టీకెళ్లొచ్చినట్టు."

"టీకి కూడా వెళ్లదు. నువ్వు రెప్ప వేసి తెరిచేలోగా లేచి పనిలో ఉంటుంది."

అలా లేచి పనిలో ఉండాల్సిన అవసరం దానికి తరచూ పడేది. డిపో గోడ పక్కనే బియ్యం మిల్లు. అక్కడ పెద్ద మోటారు వేసినప్పుడల్లా లైనులో కరెంటు కుంగి మళ్లీ లేస్తుంది. ఆ కుదుపు అన్నిటికంటే ఎక్కువగా మిల్లు గోడ పక్కనున్న నాలుగో నంబరు చార్జరుకే తగులుతుంది. కుంగినంతసేపూ పస్తున్న ఆ చార్జరు, లేవగానే ఆవురావురుమని ఎక్కువ లాగబోతుంది. కంట్రోలరు ఆపుతుంది. మళ్లీ మెల్లగా మొదలుపెడుతుంది. ఏడాదిపాటు ఇలా జరిగింది. డిపోలో భానోజీకి తప్ప ఒక్కరికీ తెలియలేదు. బస్సులు తెల్లారేసరికి నిండుగా ఉండేవి, సింహాచలం మొదటి ట్రిప్పు గుమ్మలగెడ్డ ఎక్కేవాడు, పైడమ్మ కూరలు సంతకి దిగేవి. ఎవరికీ తెలియకుండా జరిగే పనులే సంస్థలో సవ్యంగా జరుగుతాయని భానోజీ నమ్మకం.

ఆ తర్వాత హెడ్డాఫీసుకి డ్యాష్‌బోర్డు వచ్చింది.

డ్యాష్‌బోర్డంటే ఒక పెద్ద టీవీ. రాష్ట్రంలో ఏ డిపోలో ఏ యంత్రం ఏం చేస్తోందో దాని మీద చుక్కలుగా కనిపిస్తుంది. పనిచేస్తుంటే పచ్చ చుక్క, ఆగితే ఎర్ర చుక్క. దాన్ని ఎవరి గదిలో పెట్టాలని కొన్నాళ్లు చర్చ జరిగి, చివరికి క్రమశిక్షణ విభాగం ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు కొల్లూరి దక్షిణామూర్తిగారి గదిలో పెట్టారు. ఆయన గోడ ఖాళీగా ఉందని.

దక్షిణామూర్తిగారు చెడ్డవారు కారు. లంచం ముట్టరు, ఎవర్నీ ఏకవచనంతో పిలవరు. ఆయన జీవితమంతా ఒక్క విషయం మీద గడిచింది. సెలవు చీటీ లేకుండా మానేసినవాణ్ణి కూడా ఆయన క్షమించేవారు. మానేసి, మళ్లీ వచ్చి, జాయినింగు రిపోర్టు ఇవ్వకుండా కుర్చీలో కూర్చున్నవాణ్ణి మాత్రం వదిలేవారు కాదు. "పోవడం మానవ సహజం. రావడానికి పద్ధతి ఉంది," అనేవారు.

అలాంటాయన ఒకరోజు టీవీ చూస్తుండగా చింతలమెట్ట దగ్గర ఎర్ర చుక్క వెలిగింది. కళ్లజోడు తీసి పెట్టుకునేలోగా అది పచ్చబడింది. మర్నాడూ అంతే. కుర్చీ గోడ దగ్గరికి జరిపించుకుని వారం రోజులు చూశారు. ఆ పైన భానోజీకి ఫోను చేశారు.

"ఇంజినీరుగారూ, మీ నాలుగో నంబరు చార్జరు విధి నిర్వహణ మధ్యలో నిలిచిపోతోంది. మీకు తెలుసునా?"

"తెలుసు సార్. కరెంటు ఎక్కువైతే తనను తాను ఆపుకుంటుంది. లేకపోతే కాలిపోతుంది."

"ఆగడం గురించి నేను ప్రశ్నించడం లేదు. ఆగడం నేరం కాదు. ఆగిన తర్వాత మళ్లీ ప్రారంభించడానికి దానికి ఎవరు అనుమతి ఇచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు సార్. తయారుచేసిన వాళ్లు అలా చేశారు."

"అంటే కారణం నమోదు కాలేదు. విచారణ జరగలేదు. పునర్నియామకపు ఉత్తర్వు లేదు. ఒక సంస్థ ఆస్తి, తనంతట తాను విధుల నుంచి తప్పుకుని, తనంతట తానే విధుల్లో చేరింది. రేపు మీ డ్రైవర్లు ఇదే చేస్తే మీరేమంటారు?"

డ్రైవర్లు కూడా బండి మధ్యలో ఊపిరి పీల్చుకుంటూనే ఉంటారని చెప్పాలనిపించింది భానోజీకి. కానీ ఫోనులో కుర్చీ చూపించడానికి వీల్లేదు, మంచినీళ్లు ఇవ్వడానికీ వీల్లేదు. "చిత్తం సార్," అన్నాడు.

నాలుగు రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా సమస్త డిపోలకు తెలియజేయడమేమనగా, విధి నిర్వహణయందు స్వయముగా నిలిచిపోయిన సంస్థ యంత్రములన్నియు తక్షణమే సస్పెన్షనునందు ఉన్నట్లు భావించబడును. సమగ్ర విచారణానంతరము సమర్థాధికారి ఉత్తర్వు పొందనిదే ఏ యంత్రమూ పునఃప్రారంభము కాజాలదు."

భానోజీ చార్జర్ల కంపెనీకి ఫోను చేశాడు. అటు ఉన్న అబ్బాయి మర్యాదస్తుడు. "సెట్టింగులో ఒక టిక్కు మారిస్తే చాలు సార్. ఒకసారి ఆగితే మనిషి వచ్చి నొక్కేదాకా లేవదు. కానీ ఇంత బాగా లేచేదాన్ని ఎందుకు సార్ పడుకోబెట్టడం?"

"క్రమశిక్షణ కోసం," అన్నాడు భానోజీ.

అటువైపు కాయితాలు తిరగేసిన చప్పుడైంది. "మా మాన్యువల్లో ఆ కారణం లేదు సార్," అన్నాడు అబ్బాయి. అయినా టిక్కు మార్చాడు.

మంగళవారం మధ్యాహ్నం మిల్లులో మోటారు వేశారు. నాలుగో నంబరు చార్జరు ఆగింది. ఆగి, అలాగే ఉండిపోయింది. పక్కనున్న బస్సులో అప్పటికి పావు వంతు చార్జి కూడా ఎక్కలేదు.

డిపో మేనేజరు ముదునూరు సత్యవేణి వచ్చి చూసింది. ఆమె కండక్టరుగా చేరి, శాఖాపరీక్షలన్నీ రాసి మేనేజరైన మనిషి. సర్వీసు రూల్సు ఆమెకి నోటికి వచ్చు.

"మెమో ఇవ్వాలి భానోజీగారూ," అంది.

"ఎవరికి మేడం?"

"దీనికే. ఉత్తర్వులో అలాగే ఉంది. నిందితుని సంజాయిషీ కోరాలట."

మెమో టైపు చేయించారు. "విధి నిర్వహణ మధ్యలో ఏల నిలిచిపోతివో, నీపై ఏల చర్య గైకొనరాదో, ఏడు దినములలోగా తెలుపవలెను." నిందితుడు సంతకం చేయకపోతే ఇద్దరు సాక్షుల ఎదుట తలుపుకి అంటించాలని రూలు. సింహాచలమూ, క్యాంటీను అప్పన్నా సాక్షులు. భానోజీ జిగురు రాశాడు. అంటించిన తర్వాత నలుగురూ కాసేపు నిలబడి చూశారు, అదేమైనా అంటుందేమోనని కాదు గానీ, వెంటనే వెళ్లిపోతే బాగుండదన్నట్టు.

ఏడు రోజులకీ జవాబు రాలేదు. "మౌనమును ధిక్కారముగా పరిగణించడమైనది," అని హెడ్డాఫీసు రాసింది.

ఈలోగా బస్సుల సంగతి పెద్ద చిక్కయింది. ఉన్న అయిదు చార్జర్లతో పన్నెండు బస్సులకి సరిపెట్టలేకపోతున్నారు. గుమ్మలగెడ్డ బస్సుకి వంతు రావడం లేదు. సత్యవేణి ఆలోచించి, దక్షిణామూర్తిగారికి ఫోను చేసింది.

"సార్, సస్పెన్షనులో ఉన్నవారికి జీవనభృతి ఇవ్వాలి కదా. సగం జీతం."

"అవును. అది వారి హక్కు."

"నాలుగో నంబరుకి కూడా ఇవ్వమంటారా సార్? సగం కరెంటు."

అటువైపు దక్షిణామూర్తిగారి గొంతు మెత్తబడింది. "రూల్సు తెలిసినవారు డిపోల్లో ఒక్కరైనా ఉన్నందుకు సంతోషం అమ్మా. ఇవ్వండి. శిక్ష పడేవరకూ నిందితుణ్ణి పస్తు పెట్టడం అమానుషం."

సగం కరెంటు ఇచ్చేసరికి ఒక వింత జరిగింది. మిల్లు మోటారు ఎన్నిసార్లు వేసినా నాలుగో నంబరు ఆగలేదు. సగమే లాగుతున్నది మోతాదెక్కడ మించుతుంది? "సస్పెన్షను కాలమున నడవడి మిక్కిలి సంతృప్తికరము," అని హెడ్డాఫీసులో నమోదైంది. పని చేస్తున్నప్పుడు రాని మంచి పేరు సస్పెన్షనులో వచ్చింది. అది మనుషుల విషయంలో కూడా అంతేనని సత్యవేణి అంది.

కానీ బస్సు సగమే నిండేది. గురువారం తెల్లారి సింహాచలం ఆ సగంతోనే గుమ్మలగెడ్డ బయల్దేరాడు. కొండ ఘాటీ ఎక్కుతుంటే చార్జి చూపించే ముల్లు కళ్ల ముందే పడిపోయింది. ఊరు ఇంకా రెండు మలుపులుందనగా బస్సు ఆగింది. పైన జనం హారను కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. చివరికి పైడమ్మా, ఇంకో ఇద్దరు ఆడవాళ్లూ తట్టలు నెత్తిన పెట్టుకుని నడిచి దిగారు. బస్సు దగ్గరికి వచ్చి పైడమ్మ, "ఏటి బాబూ, దీనికేటి రోగం?" అంది.

"సగం జీతం మీదుంది పిన్నీ."

పైడమ్మకి అది అర్థం కాకపోయినా, జాలి వేసింది. ముగ్గురూ ఎక్కారు. సింహాచలం బస్సు తిప్పి కిందికి వదిలాడు. వాలులో దిగుతుంటే బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగొచ్చింది. అనుమతి లేని రాబడి కిందికొస్తుందేమోనని భయపడి ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. సంతకి చేరేసరికి ఎండెక్కిపోయింది. తోటకూర వడిలిపోయింది. కొనేవాళ్లు వెళ్లిపోయారు. పైడమ్మ తట్టను అలాగే మోసుకొచ్చి డిపో అరుగు మీద దించి, దాని పక్కనే కూర్చుంది.

భానోజీ ఆమెకి కుర్చీ చూపించాడు. ఆమె అరుగు మీంచి లేవలేదు. మంచినీళ్లిచ్చాడు. తాగింది. అయినా ఆ గొడవ అక్కడ తీరలేదని అతనికి తెలుసు. ఆ సాయంత్రం మెమో అంటించిన తలుపు ముందు నిలబడి, పైనున్న చిన్న బొత్తాం వైపు చూశాడు. ఒక్కసారి నొక్కితే పూర్తి కరెంటుతో లేస్తుంది. కానీ హెడ్డాఫీసులో పచ్చ చుక్క వెలుగుతుంది. రేపు తలుపు మీద అంటించే కాయితం తన పేరున ఉంటుంది. చెయ్యి జేబులో పెట్టుకుని వెనక్కి వచ్చేశాడు.

సోమవారం విచారణకి దక్షిణామూర్తిగారే స్వయంగా వచ్చారు. షెడ్డులో బల్ల వేసి, దాని మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. బల్లకి ఇటు కమిటీ, అటు నాలుగో నంబరు చార్జరు. నిందితుడికి సహాయకుడు ఉండాలి గనక భానోజీని నియమించారు. అతను వెళ్లి చార్జరు పక్కన నిలబడ్డాడు.

"ఆ రోజు ఏం జరిగింది?" అన్నారు దక్షిణామూర్తిగారు.

"మిల్లులో మోటారు వేశారు సార్. లైను కుంగింది. తిరిగి లేచినప్పుడు రెండు పాయలూ ఎక్కువ లాగబోయాయి. కంట్రోలరు ఆపింది."

"ఒక్క నిమిషం. రెండు పాయలా?"

"అవును సార్. ఎడమదీ కుడిదీ."

"అయితే నిందితులు ఇద్దరన్నమాట. ఈ సంగతి మాకు ఇంతవరకూ ఎందుకు చెప్పలేదు? వీరిలో ముందు హద్దు మీరినవారెవరు?"

"ఒకరి తర్వాత ఒకరు సార్. వంతులవారీగా లాగుతాయి. ఒకటి వదిలేసరికి రెండోది అందుకుంటుంది."

"అంటే ఒకరు చేసేది రెండోవారికి తెలుసు."

"తెలియాలి సార్. లేకపోతే వరస తప్పుతుంది."

"ముందుగానే కూడబలుక్కున్నారు."

"కూడబలుక్కునే పని చేస్తాయి సార్. దాని గొప్పతనమే..."

"రాసుకోండి," అన్నారు దక్షిణామూర్తిగారు పక్కనున్న గుమాస్తాతో. "కుట్ర."

భానోజీ సింహాచలానికి చెప్పిన రోలూ రోకళ్ల సంగతి మళ్లీ చెప్పాడు. దక్షిణామూర్తిగారు శ్రద్ధగా విన్నారు. వాళ్ల నాయనమ్మ ఇంట్లో కూడా అలాగే దంచేవారట. అయితే ఆ ఇద్దరాడవాళ్లూ దంచుతూ దంచుతూ ఊళ్లోవాళ్ల సంగతులు మాట్లాడుకునేవారనీ, పని పాడయ్యేది అందుకేననీ ఆయన చెప్పారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత తీర్పు వచ్చింది. నాలుగో నంబరు చార్జరు సస్పెన్షను ఎత్తివేయడమైనది. కాని కలిసి పనిచేసిన ఇద్దరిని ఒకే చోట ఉంచడం పరిపాలనా దృష్ట్యా వాంఛనీయం కాదు. కావున కుడి పాయను హెడ్డాఫీసుకి బదిలీ చేయడమైనది. ముందుజాగ్రత్తగా మిగతా అయిదు చార్జర్లలోని కుడి పాయలను కూడా.

"సార్," అన్నాడు భానోజీ. అతని గొంతు పెద్దగా లేవలేదు గానీ ఆ రోజుకి అది గట్టిగా మాట్లాడినట్టే. "ఇద్దరు దంచేది ఒక్కరి మీద పడుతుంది. అన్నీ ఆగిపోతాయి."

"ఆగనివ్వండి. ఆగడం నేరం కాదని నేను మొదటే చెప్పాను. అన్నట్టు, ఈసారి నిలిచిపోతే సంబంధిత ఇంజినీరు బాధ్యత కూడా పరిశీలించబడుతుంది."

కుడి పాయలంటే అరచేతికి కాస్త పెద్దవైన బోర్డులు. భానోజీ ఆరింటినీ ఒక్కొక్కటిగా మరలు విప్పి తీశాడు. కాడికి కట్టిన జోడెడ్లలో ఒకదాన్ని విప్పి సంతకి తోలినట్టనిపించింది. అట్టపెట్టెలో పాత బనీన్లు పరిచి వాటి మీద పెట్టాడు. సత్యవేణి రిలీవింగు ఆర్డరు మీద సంతకం చేసింది. పెట్టె హెడ్డాఫీసు బస్సెక్కింది. కండక్టరు దానికి లగేజీ టిక్కెట్టు కొట్టాడు.

మర్నాడు పొద్దున మిల్లులో మోటారు వేశారు. ఆరు చార్జర్లూ ఆగిపోయాయి. ఆరూ సస్పెండయ్యాయి. జీవనభృతి కింద సగం ఇద్దామంటే, ఉన్నదే సగం. సగంలో సగం బస్సు లైట్లు వెలగడానికి సరిపోయింది. ఆ తర్వాతి రోజుకి పన్నెండు బస్సులూ వరసగా షెడ్డులో నిలబడ్డాయి, పెళ్లివారొచ్చి దిగినట్టు. డ్యాష్‌బోర్డు మీద చింతలమెట్ట దగ్గర ఎర్ర చుక్కలు కదలకుండా ఉన్నాయి. ఒక్కటీ పచ్చబడడం లేదు. అలాంటి నిలకడ తాను ఎక్కడా చూడలేదని దక్షిణామూర్తిగారు మీటింగులో చెప్పారట.

ఆ మాట డిపోకి చేరేసరికి గేటు దగ్గర జనం చేరారు. కాలేజీ పిల్లలు, ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు, తట్టలతో ఆడవాళ్లు. పైడమ్మ వాళ్లు చీకటితోనే లేచి కొండంతా నడిచి దిగి వచ్చారు. ఎవరూ రాయి విసరలేదు. గేటుకి అడ్డంగా కూర్చున్నారంతే. సత్యవేణి పరిస్థితి ఫోనులో చెప్పింది. దక్షిణామూర్తిగారు కారు వేసుకుని వచ్చారు. భయపడే మనిషి కాదాయన. ప్రజలకి విషయం వివరిస్తే అర్థం చేసుకుంటారని ఆయనకు గట్టి నమ్మకం.

గేటు దగ్గర మైకు పెట్టారు. ఎండ నడినెత్తిన ఉంది. గొడుగు పట్టబోతే ఆయన వద్దన్నారు, ప్రజలు ఎండలో ఉండగా తాను నీడలో ఉండడం మర్యాద కాదని. క్రమశిక్షణ అనగానేమి అని మొదలుపెట్టారు. జాతి నిర్మాణంలో నిలుపుదల పాత్ర గురించి చెప్పారు. పొద్దున టిఫిను మానేసి వచ్చిన మనిషి. "నిలిచిపోయినవాడు నిలిచిపోయినట్లే ఉండుటలోనే..." అంటూ ఆగారు. మైకు స్టాండు పట్టుకున్నారు. మొహం పాలిపోయింది. మోకాళ్లు మెల్లగా వంగాయి.

భానోజీ పక్కనే ఉన్నాడు గనక పట్టుకున్నాడు. ఈసారి కుర్చీ చూపించలేదు, తనే తెచ్చి కూర్చోబెట్టాడు. సత్యవేణి చీర చెంగుతో విసిరింది. పైడమ్మ జనంలోంచి లేచి వచ్చింది. తట్టలోంచి సత్తు డబ్బా తీసి, మూతలో చోడి అంబలి పోసి ఆయన నోటికి అందించింది. "తాగు బాబూ. ఖాళీ కడుపుతో అన్నేసి మాటలు మాటాడితే ఎలాగ?"

ఆయన తాగారు. ఇంకో మూత పోసింది, అదీ తాగారు. కాసేపటికి మొహంలోకి రంగొచ్చింది. వెంటనే లేచి మైకు అందుకోబోయారు. కాళ్లు తడబడ్డాయి. భానోజీ భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాడు.

"ఒక్కసారి వద్దు సార్. మెల్లగా. ముందు ఊపిరి పీల్చుకోండి."

దక్షిణామూర్తిగారు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. చాలాసేపటికి కళ్లు తెరిచి, ఈ వ్యవహారం మొదలయ్యాక అడగని ప్రశ్న అడిగారు.

"ఇంజినీరుగారూ, అసలు ఆ యంత్రం ఆగినప్పుడు లోపల ఏం చేస్తుంది?"

"ఇప్పుడు మీరు చేస్తున్నదే సార్," అన్నాడు భానోజీ.

అందులో ఎత్తిపొడుపు లేదు. అది విన్న ఆయనకీ ఎత్తిపొడుపుగా వినిపించలేదు. ఆయన చేతిలో ఖాళీ మూత వైపు చూశారు. తర్వాత మైకు వైపు చూశారు. తాను ఎవరి అనుమతితో లేవబోయారో ఆయనకి తట్టినట్టుంది, చెవులు కాస్త ఎర్రబడ్డాయి.

"ఉత్తర్వు రద్దు చేయలేను," అన్నారు చివరికి, తనలో తాను అనుకుంటున్నట్టు. "నా సంతకంతో వెళ్లింది. ముప్పై ఏళ్లలో నేనిచ్చిన ఉత్తర్వు నేను రద్దు చేసుకోలేదు. సమర్థాధికారి అనుమతి లేనిదే పునఃప్రారంభం కాజాలదు. అంతే."

సత్యవేణి విసరడం ఆపింది. "రద్దెందుకు సార్? సమర్థాధికారి ఎవరో ఉత్తర్వులో రాయలేదు. అధికారాలను దత్తం చేసే హక్కు మీకు ఉంది కదా."

"ఉంది. ఎవరికి దత్తం చేయమంటారమ్మా? ప్రతిసారీ రెప్పపాటులో విచారించి ఉత్తర్వివ్వగల అధికారి మనకెవరున్నారు?"

"ఆరుగురున్నారు సార్," అంది సత్యవేణి. షెడ్డు వైపు చూపించింది. "ప్రతి చార్జరులోనూ ఒకరు. ఎందుకాగిందో వాళ్లే చూస్తారు, వాళ్లే నిర్ణయిస్తారు, వాళ్లే మొదలుపెడతారు. లంచం తీసుకోరు, సెలవు అడగరు."

దక్షిణామూర్తిగారు ఆమెను చాలాసేపు చూశారు. ఒక ఉద్యోగిని చూసి ఆయన కళ్లలో నీళ్లు తిరగడం అదే మొదలని గుమాస్తా తర్వాత చెప్పాడు. ఎండకి కూడా కావచ్చు. కారు బానెట్టు మీద కాయితం పెట్టి అప్పటికప్పుడు రాశారు. "పూర్వపు ఉత్తర్వునకు భంగము కలుగకుండ, చింతలమెట్ట డిపోయందలి ఆరు కంట్రోలరులను పునఃప్రారంభాధికారులుగా ఇందుమూలముగా నియమించడమైనది." కుడి పాయల బదిలీని ప్రజాప్రయోజనాల దృష్ట్యా వెనక్కి తీసుకున్నారు.

అట్టపెట్టె ఆ సాయంత్రం బస్సుకే తిరిగొచ్చింది, బనీన్లతో సహా. భానోజీ బోర్డులు బిగించాడు, కంపెనీ అబ్బాయికి ఫోను చేసి టిక్కు మార్పించాడు. మొదటి చార్జరు ఆన్ చేసి చెవి పెట్టి విన్నాడు. రెండు పాయలూ వరస కలుపుకుని సన్నగా గుయ్యిమంటున్నాయి. మర్నాడు సింహాచలం నిండు బస్సుతో కొండెక్కాడు. ఎక్కుతున్నంతసేపూ హారను కొడుతూనే ఉన్నాడు. తోటకూర నవనవలాడుతూ సంతకి దిగింది.

కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కానీ ఎగ్జిక్యూటివ్ డైరెక్టరు అధికారాలను డిప్యూటీ చీఫ్ ఇంజినీరు కంటే తక్కువ హోదా వారికి దత్తం చేయరాదని హెడ్డాఫీసులో ఎవరో రూలు వెతికి తీశారు. చేసిన నియామకం వెనక్కి తీసుకునే అలవాటు దక్షిణామూర్తిగారికి లేదు. అందుచేత ఆరు కంట్రోలర్లకీ ఆ హోదా ఇచ్చారు. దాంతో చింతలమెట్ట డిపోలో కరెంటు విభాగానికి పెద్ద అధికారి నాలుగో నంబరు చార్జరైంది. నియామకాల్లో దాని పేరే ముందు రాశారు. అసిస్టెంటు ఇంజినీరు భానోజీ దాని కింద పనిచేస్తాడు.

ఆ నెల్లో భానోజీకి నాలుగు రోజులు సెలవు కావలసి వచ్చింది, భార్యతో అరసవిల్లి వెళ్లొద్దామని. రూలు ప్రకారం అర్జీ పై అధికారి ద్వారా వెళ్లాలి. రాసి, జిగురు పెట్టి, పాత మెమో అంటించిన చోటే అంటించాడు. మూడు రోజుల్లో తిరస్కరించకపోతే మంజూరైనట్టు భావించవచ్చని సత్యవేణి చెప్పింది. మూడు రోజులూ అతను రోజూ వెళ్లి, దూరం నుంచే చూసి వచ్చాడు. పై అధికారి ఏమీ అనలేదు.

"పాతికేళ్ల సర్వీసులో ఇంత మంచి ఆఫీసరు నాకు దొరకలేదు," అన్నాడు ఆ రాత్రి భోంచేస్తూ.

భార్య మజ్జిగ పోస్తూ ఆలోచించింది. "అయితే మీ ప్రమోషను సంగతి కూడా ఒక కాయితమ్మీద రాసి అంటించి చూడకూడదూ?"

భానోజీ మజ్జిగన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. ఒక్క ఊపిరి పీల్చుకుని, మళ్లీ మెల్లగా కలపడం మొదలుపెట్టాడు.